నల్ల ఉన్ని కింద

నల్ల గొర్రె ఒంటి మీద ఉన్ని ఎక్కడ ముగిసి చర్మం ఎక్కడ మొదలవుతుందో మాణిక్యప్ప కంటికి ఆనక ఏడాదైంది. ఎవరికీ చెప్పలేదు. ఎడమచేతి వేళ్ళను ముందు పంపి, వాటి వెనకే కత్తెర నడుపుతూ నెట్టుకొస్తున్నాడు. పొద్దుటి నుంచి ఒక్క గొర్రెకూ గాటు పడలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెడుతోంది. పడాల్సిన గాటు ఎక్కడో కాచుకుని కూర్చున్నట్టుంది.

"బాపూ, ఇగ నాకియ్యి. నేను కత్తిరిస్త," అన్నాడు కొడుకు శివానంద్, ఉన్నిని గోనెసంచిలో కుక్కుతూ.

"పోయినేడు పొట్టేలు చెవి కోసినవ్. మర్చినవా?"

"చెవే గద. అదేమన్న కమ్మలు పెట్టుకుంటదా?"

భార్య గురమ్మ పకపకా నవ్వింది. మాణిక్యప్పా నవ్వాడు, కొడుకు ముఖం ఎటుందో వెతుక్కుని.

కత్తెర చెయ్యి మారితే ఎందుకని అడుగుతారు. అడిగితే తాడు దాకా వస్తుంది. అతని తండ్రికి చూపు పోయాక మంచం కోడు నుంచి పెరటి గుంజ దాకా, పట్టుకుని నడవడానికి ఒక తాడు కట్టారు. ఇంట్లో ఎవరూ కసరలేదు, తిండికి తక్కువ చెయ్యలేదు. ఒకనాడు ఏ మేకో తగిలి తాడు ఊడింది. ముసలాయన ఆ కొస పట్టుకుని పెరటి నడుమ నిలబడిపోయాడు. ఎవరినీ పిలవలేదు. ఎవరో ఒకరు చూడకపోతారా అన్నట్టు నిలబడ్డాడు. ఆ నిలబడడం మాణిక్యప్ప ఒంట్లో ఇప్పటికీ ఉంది. మనూర్‌లో కంటి పరీక్షలు చేస్తున్నారంటే వెళ్ళి, కంటికి కోత పెట్టాలన్న మాట వినగానే చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వచ్చేశాడు.

మెడలో గంటున్న, కడుపుతో ఉన్న గొర్రెను గురమ్మ లాక్కొచ్చింది. "సూడిది. జర పైలం."

"నాకు చెప్తున్నవా?"

కాళ్ళు కట్టి పక్కకు పడుకోబెట్టారు. గురమ్మ గొర్రె తల పట్టుకుని అటు తిరిగి కూర్చుంది. మాణిక్యప్ప పొట్ట వైపు వంగాడు. కత్తెర పట్టిన ప్రతివాడికీ గుండె జారే చోటు అది. ఉన్నిలో చన్ను కనిపించదు. తెగిందా, పుండు మానేటప్పుడు పాల దారి మూసుకుపోతుంది. పాలున్నా పిల్లకు అందవు. అందుకే ఎడమ బొటనవేలు చన్ను మీద మూతపెట్టి, దాని చుట్టూ కత్తిరిస్తారు.

అతను వేలితో మూసి కత్తెర నడిపాడు. అరచేతి కింద పొట్టలో పిల్ల కదిలింది. చీకట్లో ఉన్నది గోడను తడిమినట్టు తడిమింది. మాణిక్యప్ప చెయ్యి ఒక్క క్షణం తడబడింది.

కత్తెర మూసుకుంది. అది ఉన్ని తెగిన చప్పుడు కాదు.

గొర్రె ఎగిరిపడింది. గంట మోగింది. వేళ్ళ మధ్య వెచ్చటి తడి. నొప్పి లేదు. నొప్పి తనకు లేదంటే, తెగింది చన్నేనా? చేతిని ముఖం దగ్గరకు తెచ్చి చూశాడు. నలుపు మీద నలుపు. వాసన చూస్తే నెత్తురే. గాట్లకు పూసే పసుపు గిన్నె మోకాలి పక్కనే ఉంది. గుప్పెడు అద్ది కట్లు విప్పితే, గొర్రె ఈనేదాకా ఎవరికీ తెలియదు. చెయ్యి గిన్నెలోకి వెళ్ళింది కూడా. పొట్టలో పిల్ల మళ్ళీ కదిలింది.

"ఏమే, ఇటు సూడు. ఏడ తెగింది?"

"నీ ముందటనే గద. కానస్తలేదా?"

అతను గిన్నెలోంచి చెయ్యి తీశాడు. "కానస్తలేదు."

గోనెసంచి చప్పుడు ఆగింది. గురమ్మ వచ్చి చీర కొంగుతో తుడిచింది. ఆమె ఊపిరి అతని చేతికి తగిలింది.

"సన్ను మంచిగనే ఉంది. తెగింది నీ ఏలు."

అప్పుడు మొదలైంది నొప్పి, ఆ మాట కోసమే ఆగినట్టు.

"ఎప్పటి సంది బాపూ?" శివానంద్ గొంతులో ఎగతాళి లేదు. "రేపు ఖేడ్ దవాఖానకు పోదాం. పరేషాన్ గాకు. ఇప్పుడు ఆపరేషన్లున్నయ్." ఆ మెత్తదనం మాణిక్యప్ప ఎరిగినదే. తండ్రితో అందరూ అలాగే మాట్లాడేవారు.

కత్తెర అతని చేతిలోంచి కొడుకు చేతిలోకి వెళ్ళిపోయింది. అతను లేవలేదు. గురమ్మ గుడ్డ చుట్టిన వేలితోనే తడుముకుంటూ వెళ్ళి చన్నును మూశాడు.

"ఏలు తియ్యి బాపూ."

"తియ్య. నువ్వు కత్తిరియ్యి."

"తెగుతది."

"అందుకే పెట్టిన."

పక్కటెముకల దగ్గర మొదలై కత్తెర చప్పుడు దగ్గరవుతోంది. అతను కళ్ళు మూసుకున్నాడు. చుట్టిన గుడ్డకు ఇనుము తగిలి ఆగింది. శివానంద్ ఊపిరి బిగబట్టడం వినిపించింది.

మాణిక్యప్ప వేలు తియ్యలేదు.