గుడ్ల మీద ఎవరు?

ఆమె భర్త చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తుంటే వెనక నుంచి ఆయన అన్నాడు. "నీ పట్టికలో తప్పుంది. పగలు గుడ్ల మీద మగపక్షి అని రాశావు. మగది పొదగడమేమిటి? ఒక పేజీలో ఆడ అని మార్చాను. మిగతావి నువ్వు మార్చెయ్యి. రేపు పదింటికి పక్షి శాస్త్రజ్ఞుల సభలో నేనిది చదవాలి."

ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

మడుగులో ఆ బెగ్గురు పక్షుల జంటను ఆమె ముప్పై రోజులు చూసింది. వంట ముగించి, పిల్లను బడికి పంపి, రెల్లు చాటున పీట వేసుకుని, పది నిమిషాలకొకసారి గుడ్ల మీద ఏది ఉందో రాసింది. చూడటానికి రెండూ ఒకటే: బూడిదరంగు ఒళ్లు, ఎర్ర తల, మనిషి భుజమంత ఎత్తు. తేడా కూతలో దొరుకుతుంది. మెడలెత్తి కలిసి అరిచేటప్పుడు మగది ఒకసారి కూస్తే ఆడది రెండుసార్లు కూస్తుంది. అది విన్నాక ఏది ఎటు నడిచిందో చూపు తిప్పకుండా చూడాలి. పగలు సగానికి పైగా మగదే కూర్చుంది. ఆడది మేతకు పోయి వచ్చి పక్కన నిలబడితే లేచేది. ఏదీ రెండోదాన్ని బతిమాలుకోలేదు.

"మా కోడలు పక్షులకు కాపలా, నేను ఇంటికి కాపలా," అని అత్తగారు పొరుగామెతో అనేది. ఆమె లెక్కలతో వచ్చే వ్యాసాల మీద పేరు ఆయనది. చివర్లో చిన్న అక్షరాల్లో 'సహకారం: నా శ్రీమతి'. పదకొండేళ్లుగా ఆమె దాన్ని మింగుతూనే ఉంది. ఇది మాత్రం గొంతు దిగలేదు. ఈ మాట మారితే ఆ ముప్పై రోజులూ ఆమె అక్కడ లేనట్టే.

"మార్చను," అంది.

"పంతమా? నలుగురూ నవ్వుతారు."

"నవ్వనివ్వండి. నేను విని, చూసి రాశాను."

"మగది పొదుగుతుందట! ఇంకా నయం, పాలు కూడా ఇస్తుందనలేదు," అంది అత్తగారు వంటింట్లోంచి.

ఆయన నవ్వాడు. "అంత నమ్మకముంటే రేపు సభలో నువ్వే చెప్పుకో."

వెళ్లదని ఆయన ధీమా. గుడ్లు రేపో మాపో పగులుతాయి. గూడు దగ్గర మనిషి లేకపోతే నెల రోజుల లెక్క చివర్లో తెగిపోతుంది.

"సరే, నేనే చెప్తాను. పొద్దున తొమ్మిదింటికల్లా మీరు మడుగు దగ్గర ఉండండి. పది నిమిషాలకొకసారి రాయాలి."

నవ్వు ఆగింది. పదకొండేళ్లుగా ఆ మడుగు పక్షుల మీద వ్యాసాలు రాస్తున్న మనిషి అడిగాడు.

"ఇంతకీ, గూడు ఎటువైపు ఉంది?"