అనుభవం అనే గడి

పొడుగోడి శవాన్ని గోతిలోంచి పైకి తీసిన సాయంత్రమే కాంట్రాక్టరు మిగతా పిల్లలకు అనుభవ పత్రాలు పంచాడు. అంతవరకూ అడిగి అడిగి చెప్పులరిగినా ఇవ్వనివాడు, ఆరోజు పిలిచి మరీ ఇచ్చాడు. వాళ్లంతా కొత్తగా ఇంజనీరింగు పాసైనవాళ్లు. సర్కారు కొలువుకు అనుభవం చూపాలని వాడి మురుగుకాలవ పనిలో జీతం లేకుండా వెట్టిచాకిరీ చేశారు. గోతి గోడలు కూలకుండా ఆనించిన చెక్కలు పీకించి మరో పనికి పంపింది వాడే. "పొడుగోడెవడో మీకు తెలీదు, గుర్తుంచుకోండి," అన్నాడు. వాళ్లలో ఒకతైన తాపీమేస్త్రి కూతురు కూడా తలొంచుకుని పత్రం తీసుకుంది. తీసుకున్న చెయ్యి నరుక్కోవాలనిపించింది.

సర్కారు కొలువు ఇంటర్వ్యూకి ముందు రెజ్యూమె రాయడం నేర్పే తరగతి పెట్టారు.

"ఒక్క పేజీ దాటొద్దు. అబద్ధాలు రాయొద్దు," అంటూ సలహాల సారు బల్లల మధ్య తిరుగుతూ ఆమె దగ్గర ఆగాడు. అనుభవం అనే గడిలో ఆమె ఇలా రాసింది: "చెక్కలు తీసేయడం వల్ల తోటి ఇంజనీరు మట్టి కింద చనిపోవడం కళ్లారా చూశాను."

"పిచ్చా నీకు? కొట్టెయ్!"

"అబద్ధం రాయొద్దన్నారుగా సార్."

"నిజం రాయమన్నానా? ఆ కాంట్రాక్టరూ, రేపు నిన్ను ప్రశ్నలడిగే పెద్దింజనీరూ ఒకే కంచంలో తింటారు!"

ఎర్రపెన్నుతో తనే కొట్టేశాడు.

"నువ్వు మునుగు, మమ్మల్ని ముంచకు," అన్నాడు వెనకనుంచి కళ్లద్దాలోడు.

"మట్టిలోంచి పొడుగోణ్ణి లాగింది నువ్వేగదరా! నీ చేతికి తెలిసింది నీ పెన్నుకి తెలీదా?"

కళ్లద్దాలోడు ఏడ్చాడు. ఏడుస్తూనే అదే మాట రాశాడు. ఆ పనిలో ఉన్న ప్రతివాళ్లూ రాశారు.

ఇంటర్వ్యూ రోజు పెద్దింజనీరు ఆ కాగితాలు వరండాలోకి విసిరేశాడు. "కేసు పడితే జన్మలో సర్కారు కొలువు రాదు. ఆ మాట కొట్టేసినవాళ్లే లోపలికి రండి!"

కళ్లద్దాలోడు కొట్టేసి లోపలికి పోయాడు. ఇంకెవరూ కదల్లేదు. పెద్దింజనీరు కబురుతో పోలీసులొచ్చారు. మేస్త్రి కూతుర్ని జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చారు. ఆమె పళ్లు రాలాయి. గేటు దగ్గర నిలబడ్డ తండ్రి "దాని చదువు కోసం ఒళ్లు హూనం చేసుకున్నానయ్యా!" అంటూ అడ్డుపడితే లాఠీతో మోకాలు విరగ్గొట్టారు.

వాళ్లని ఎక్కించుకుని పోలీసు వ్యాను వెళ్లాక తర్వాతి గుంపును పిలిచారు. వాళ్లెవరూ ఆ పనిలో లేనివాళ్లు. ఈసారి కాగితాలు ముందే సరిచూడమని కూర్చోబెట్టిన సలహాల సారు ధీమాగా మొదటి కాగితం అందుకున్నాడు. అనుభవం అనే గడిలో సిరా ఇంకా తడిగా ఉంది.

"సాటి ఇంజనీరును జుట్టు పట్టి ఈడ్చుకుపోవడం కళ్లారా చూశాను."

సారు రెండో కాగితం తీశాడు.