పీపా తలుపు

రోస్విత కొవ్వొత్తి వెలిగించి నిలువెత్తు వైన్ పీపా లోపల పెట్టింది. మంట ఆరలేదు. అంటే లోపల గాలి ఉంది, మనిషి దూరవచ్చు. స్వెటర్ విప్పి మేకుకు తగిలించి, ముందు కుడి చెయ్యి, తర్వాత తల, ఆ తర్వాత భుజాలు ఐమూలగా తిప్పి లోపలికి జారింది. పీపాకి అడుగున ఉండే ఆ తలుపు వంటింటి కిటికీ రెక్కంత కూడా ఉండదు.

నిరుటి వైన్ సీసాలకెక్కింది. కొత్త పంట వచ్చేలోగా ఖాళీ పీపాలన్నీ లోపలినుంచి తోమాలి. చెక్కకు పేరుకుని రాయైపోయిన గసి గీకాలి, కడగాలి, మళ్లీ గీకాలి. పెళ్లయిన ఏడాది అత్తగారు హెర్మీనె ఆమె భుజాలను జానతో కొలిచి, "మా తలుపుకి సరిపోయే కోడలు దొరికింది" అంది. అందరూ నవ్వారు. రోస్విత కూడా నవ్వింది, అది మెప్పు అనుకుంది. ఆ తర్వాత కంచం దగ్గర మాటలు మొదలయ్యాయి. "అమ్మాయ్, వెన్న కాస్త తగ్గించు, సెప్టెంబరు వస్తోంది." "రెండోది కూడానా? పీపాకి చెప్పే తింటున్నావా?" ఈ రెండో మాట భర్త ఎంగెల్‌బెర్ట్‌ది. అతనికి పెళ్లినాడే పొట్ట ఉండేది. ఇప్పుడు అతను కూర్చుంటే బల్ల ముందుకు జరుగుతుంది. మొదట్లో ఆమెకి ఆకలేసేది. తర్వాత వెయ్యడం మానేసింది. కూతురు ఒట్టీలి కడుపులో ఉన్న ఏడాది మాత్రం తోమడానికి కూలిమనిషిని పెట్టారు. ఆ ఖర్చు సంగతి అత్తగారు ఇప్పటికీ చెబుతుంది.

పీపా బయట మాటలు వినబడ్డాయి. వియన్నా నుంచి కొనడానికి వచ్చినవాళ్లకు ఎంగెల్‌బెర్ట్ వైన్ పోస్తున్నాడు.

"తీపి చుక్క లేదు చూడండి. మిరియం ఘాటు, చివర్లో రాతి రుచి. పైన కొండమీది ఆ మెట్ల ద్రాక్షతోటలో మట్టెక్కడుంది? వేరు రాతినే తింటుంది. నేను చేసేదేం లేదు, చెడగొట్టకుండా ఉంటా, అంతే."

"ఎంత శుభ్రంగా ఉందండీ" అంది ఒకామె. అంతలో బ్రష్ చప్పుడు వినబడి, "లోపలెవరు?" అని అడిగింది.

"ఎలుక" అన్నాడు ఎంగెల్‌బెర్ట్.

నవ్వులు. రోస్విత తోముతూనే ఉంది. కోపం రావాలి కదా అనుకుంది, రాలేదు. చేతుల మీద పడుతున్న నీళ్లు చల్లవో వేడివో కూడా తెలియడం లేదు.

వాళ్లు వెళ్లాక బయటికి వచ్చేటప్పుడు తుంటి దగ్గర ఇరుక్కుంది. ఎంగెల్‌బెర్ట్ చేతులు పట్టుకుని లాగాడు. నడుం పక్కన చర్మం దోక్కుపోయింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న అత్తగారు, "దీని పని అయిపోయింది. మిగతా రెండు పీపాలూ ఒట్టీలి తోముతుంది. పదమూడేళ్లొచ్చాయి, భుజాలింకా సన్నమే" అంది.

మధ్యాహ్నం భోజనానికి ఆప్రికాట్ పండు లోపల పెట్టి ఉడికించిన పిండి ఉండలు. ఒట్టీలి ఒకటి తిని రెండోది అందుకోబోతే నాయనమ్మ ఆ పిల్ల కంచం పక్కకి జరిపింది. "చాలమ్మా. నువ్వు పెరిగితే తలుపు పెరగదుగా."

ఒట్టీలి గొడవ చెయ్యలేదు. చెంచా కింద పెట్టి, "నాకసలు ఆకలి లేదు నాయనమ్మా" అంది.

అది రోస్విత మాట. అదే గొంతు, అలాగే చూపు దించుకోవడం. పిల్ల అబద్ధం చెబుతోందా, నిజంగానే ఆకలి చచ్చిపోయిందా? కూతురి ముఖంలోకి చూసి తేల్చుకోలేకపోయింది. తనలో ఆ తేడా ఎప్పుడు పోయిందో తనకీ తెలియదు.

ఆమె లేచి పళ్లెంలోంచి రెండు ఉండలు తీసి కూతురి కంచంలో వేసింది. వెన్నలో వేయించిన రొట్టెపొడి పైన చల్లింది.

"తిను."

"మరి పీపాలో?" అన్నాడు ఎంగెల్‌బెర్ట్, నోట్లో ముద్ద ఉండగానే. "అది ఆ తలుపులో పట్టాలి కదా."

"అది వెళ్లదు. నేనూ వెళ్లను."

"ఎవరు తోముతారు మరి, మా అమ్మా?"

రోస్విత చెయ్యి చాచి అతని కంచం తన ముందుకు లాక్కుంది. అందులో నాలుగు ఉండలున్నాయి. మూడు తీసేసింది. మిగిలినదాన్ని చాకుతో సగానికి కోసి, ఒక సగం ఉంచి, కంచం అతని ముందుకు జరిపింది.

"కోతకి ఇంకా నెలుంది" అంది. "అప్పటికల్లా నువ్వే దూరగలవు."