‘ఇద్దరు’ కొట్టేసి ‘ఒకరు’

ఆఫీసులో అందరూ ఆమెను కామా మేడమ్ అంటారు. కాంట్రాక్టు కాగితంలో ఒక్క కామా అటూ ఇటూ అయినా ఊరుకోదని ఆ పేరు. ఆస్పత్రికి బయటి నుంచి వచ్చి పనులు చేసేవాళ్ల కోసం పని వివరాల పత్రం తయారుచేసేది ఆమే. ఏ పని, ఎంతమంది, ఎలా చెయ్యాలో అందులో ఉంటుంది. పెద్ద సారు ఖాయం చేశాక కంప్యూటర్లో పనివాళ్లకు పంపుతుంది. వాళ్లు ఒప్పుకుంటేనే కాంట్రాక్టు.

ఈసారి లిఫ్టుల వంతు వచ్చింది. ఏళ్ల తరబడి ఆ పని లిఫ్టు మేస్త్రీది, అతని అల్లుడిది. మామ లిఫ్టు కప్పు మీదికెక్కి తీగలు చూస్తుంటే, ఎవరూ లిఫ్టు ఆన్ చెయ్యకుండా అల్లుడు స్విచ్చి దగ్గర కదలకుండా నిలబడేవాడు. అందుకే ఆమె ఎప్పటిలాగే ‘ఇద్దరు’ అని రాసింది. సారు ఆ మాట కొట్టేసి ‘ఒకరు’ అని రాశాడు.

“ఇది ఒక్క మనిషి పని కాదు సార్.”

“నాకు తెలీదా అమ్మా? ప్రతి కాంట్రాక్టులో ఒక మనిషిని తగ్గించమని పైనుంచి మాట. ఇక్కడ వద్దంటే ఎక్కడ తగ్గించమంటావు? ఆక్సిజన్ దగ్గరా?”

ఆమె మళ్లీ కూర్చుని, ‘అవసరమైతే సహాయకుడితో’ అని చివర్లో చేర్చి పట్టుకెళ్లింది. సారు తల కూడా ఎత్తలేదు.

“ఆ అవసరం రోజూ వస్తుంది. తీసెయ్.”

వరండాలోకి వెళ్లి మేస్త్రీకి ఫోన్ చేసింది.

“బాబాయ్ గారూ, ఇవాళ మీకు పత్రం వస్తుంది. ఒప్పుకోకండి. మార్పులు కావాలని తిప్పి పంపండి. అది పట్టుకుని నేను మళ్లీ పైకి వెళ్తాను.”

“తిప్పి పంపితే మళ్లీ నాకే వస్తుందా తల్లీ?”

ఆమె సారు గది తలుపు వైపు చూసింది. ఇంకో కంపెనీవాళ్లు అప్పటికే వచ్చి సారుతో కాఫీ తాగి వెళ్లారు.

“రాదులే. నువ్వు అబద్ధమాడవని తెలిసే అడిగా. పంపించెయ్. మా అమ్మాయికి ఎట్లా చెప్పాలా అన్నదే నా బెంగ.”

పంపే ముందు పత్రం మొత్తం చదివింది. ఒకచోట కామా లేదు. పెట్టింది. పంపింది. కుర్చీలోంచి లేవకముందే ఒప్పుకోలు వచ్చేసింది. అతను చదవను కూడా లేదు.

కొత్త కాంట్రాక్టు మొదలైన రోజు పొద్దున్నే గేటు దగ్గర గొడవ. మామా అల్లుళ్లిద్దరూ వచ్చారు.

“జీతం ఏమీ వద్దండీ. మామయ్య పైనుంటే స్విచ్చి దగ్గర నిలబడతా, అంతే” అని అల్లుడు బతిమాలుతున్నాడు.

“పత్రంలో ఒక్కరేగా? పేరు లేనివాళ్లని లోపలికి రానివ్వకూడదని కూడా ఉంది” అన్నాడు గేటు మనిషి.

ఆమె అప్పుడే అక్కడికి చేరింది. స్టోరులో దొంగతనం జరిగిన ఏడాది, ఎవరూ అడక్కుండానే తను అన్ని పత్రాల్లోనూ చేర్చిన వాక్యం అది.

“నేను చెప్తున్నాగా, పంపించు” అంది.

“సారు సంతకం తెండి మేడమ్. నా ఉద్యోగం పోతుంది.”

పరుగున పైకెళ్లింది. సారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అడ్డంగా తలూపాడు. కిందికి వచ్చేసరికి మేస్త్రీ ఒక్కడే లోపలికి వెళ్లిపోయాడు. అల్లుడు గేటు బయట బండి మీద కూర్చుని లిఫ్టు గది వైపు చూస్తున్నాడు. కొన్నాళ్లు అలాగే వచ్చి కూర్చున్నాడు. తర్వాత లారీ మీద పనికి కుదిరి రావడం మానేశాడు.

ఏ ప్రమాదమూ జరగలేదు. జరగకపోవడమే కొంప ముంచింది.

“చూశావా, ఒక్కడే చక్కగా చేస్తున్నాడు. ఇన్నాళ్లూ ఇద్దరెందుకో!” అన్నాడు సారు, బట్టలుతికే యంత్రాల పత్రం ఆమె ముందు పెడుతూ. ‘నలుగురు’ అన్న మాటను ఈసారి ఆమే కొట్టేసింది.

లిఫ్టు తలుపుకి ‘మరమ్మతు’ బోర్డు వేలాడిన రోజుల్లో ఆమె అక్కడ కాసేపు ఆగుతుంది. లోపల్నుంచి మేస్త్రీ దగ్గు వినపడ్డాకే మెట్లెక్కుతుంది.