వాచిన బుగ్గతో పండగకి

నా కోరపంటికి ఆ ఏడాదిలో నాలుగోసారి చీము పట్టింది. బుగ్గ బూరెలా పొంగి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. సర్కారు ఆసుపత్రిలో పెద్దవాళ్ళ పళ్ళకి ఉన్నవి రెండే వైద్యాలు: చీము తీసి మాత్రలు రాయడం, లేకపోతే పన్ను పీకెయ్యడం. పన్ను నిలబెట్టి, వేరు శుభ్రం చేసి తొడుగు వెయ్యాలంటే ప్రైవేటు డాక్టరు కావాలి. దానికి నా నెల జీతమంతా పోసినా చాలదు.

"ఇంకోసారి వాచి కంటికెక్కితే నన్ననొద్దు. త్వరగా ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడా ప్రైవేటు డాక్టరు.

పీకించుకోవచ్చుగా అంటారు. ఎందుకు పీకించుకోవాలి? నేనేం తప్పు చేశానని?

వెలిమిర్ గారి బూట్ల ఫ్యాక్టరీలో పైతోలు కుట్టేవాళ్ళం పదకొండు మందిమి. మైనం పట్టించిన దారం, గట్టిది. కత్తెర అందుకుని తెంపితే ఆలస్యమని అందరం పళ్ళతోనే కొరికేవాళ్ళం. కొత్తగా చేరిన పిల్లలకి ఆయన నన్నే చూపించేవాడు. "చూడండి, మా రాడోయ్కా పళ్ళు నా మిషన్లకంటే నయం!" అని. ఆ మాటకి పొంగిపోయి పన్నెండేళ్ళు కొరికాను, బుద్ధిలేనిదాన్ని. పన్ను అంచు చిట్లి లోపలికి కుళ్ళు దిగింది.

నవంబరులో ఆయన గదికి వెళ్ళి నిలబడ్డాను.

"అయ్యా, ఈ పంటికి వైద్యం చేయించండి. లేదా జీతం ముందుగా ఇప్పించండి, నెలనెలా కోసుకుందురుగాని."

"దారం పళ్ళతో కొరకమని నీకెవరు చెప్పారు? బల్ల మీద కత్తెర లేదూ?"

నోరు తెరిచి చిట్లిన పన్ను చూపించాను.

"ఒక్క పన్నేగా, పీకించెయ్. ఇంకా ముప్ఫై ఒకటి ఉంటాయిలే" అని నవ్వాడు. ఆ వేసవిలోనే కట్టించుకున్న కొత్త పళ్ళు, పైవరసా కిందివరసా తెల్లగా మెరిశాయి. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

డిసెంబరు పంతొమ్మిది వెలిమిర్ ఇంట్లో స్లావా, వాళ్ళ వంశాన్ని కాచే నికోలా స్వామి పండగ. మా దగ్గర స్లావాకి ఎవరూ ఎవర్నీ పిలవరు. వచ్చినవాళ్ళని, పగవాళ్ళయినా సరే, పొమ్మనకూడదు. అతిథులు లేచేదాకా ఇంటి యజమాని కూర్చోకూడదు, నిలబడి వడ్డించాల్సిందే. పండగకి రెండు రోజుల ముందు బుగ్గ మళ్ళీ వాచింది. మాత్రలు మింగలేదు. కావాలనే మింగలేదు.

తలుపు తీసిన వెలిమిర్ నన్ను చూసి ఒకడుగు వెనక్కి వేశాడు.

"పండగ శుభాకాంక్షలయ్యా" అన్నాను.

చచ్చినట్టు "రా, రా, కూర్చో" అన్నాడు. బల్ల చుట్టూ ఊళ్ళో పెద్దమనుషులు. వాళ్ళ మధ్య మా బూట్లు కొనే ఇటలీ ఆసామి తుల్లియో. పదేళ్ళుగా వచ్చిపోతూ మా భాష బాగానే నేర్చాడు. ఆయనకి ఎదురుగా కూర్చున్నాను. వెలిమిర్ వచ్చినవాళ్ళందరికీ ముందుగా తలో చెంచా పెట్టే తీపి గోధుమల పళ్ళెం తెచ్చి నా ముందు పట్టాడు.

"నమలలేనయ్యా. చేప పెట్టండి, ముళ్ళు తీసి."

నిలబడే ముళ్ళు తీశాడు! నా ప్రాణం లేచొచ్చింది.

"ఏమైందమ్మా నీ మొహానికి?" అన్నాడు తుల్లియో.

"మీ బూట్ల దారం కొరికీ కొరికీ ఇలా అయిందండీ."

"మా రాడోయ్కా వేళాకోళాల మనిషిలెండి" అంటూ వెలిమిర్ తన కొత్త పళ్ళన్నీ బయటపెట్టాడు.

అప్పుడే గంట మోగింది. నాతో కుట్టే స్నేజా వచ్చింది. వెనకాలే మిలెవా, ఆ వెనక మిగతావాళ్ళు, మొత్తం పదిమంది. వెలిమిర్ ఒక్కొక్కరికీ పళ్ళెం పట్టాడు. ఒక్కొక్కరూ చెంచా అందుకునే ముందు తుల్లియో వైపు తిరిగి నోరంతా తెరిచి నవ్వారు. ఒకరికి ముందుపన్ను సగం లేదు, ఒకరికి రెండు లేవు. "మాదీ దారమేనండీ" అంది స్నేజా.

తుల్లియో చెంచా కింద పెట్టేశాడు. "వెలిమిర్, నేను చూసినప్పుడు వీళ్ళు కత్తెరతోనే తెంపుతున్నారే?"

"మీరొచ్చే రోజు మాత్రం కత్తెరే వాడమంటారండీ" అన్నాను.

వెలిమిర్ నా చెవి దగ్గరికి వంగి, "రేపు డాక్టరు దగ్గరికెళ్ళు. ఖర్చు నాది. వీళ్ళని ఇక్కణ్ణించి తీసుకుపో" అని గొణిగాడు.

"వినబడలేదయ్యా. వాపు చెవిదాకా పాకింది. గట్టిగా చెప్పండి."

ఖర్చు తనదని గట్టిగానే చెప్పాడు.

"నాకొక్కదానికేనా?"

తుల్లియో అతన్నే చూస్తున్నాడు. "అందరికీ" అన్నాడు వెలిమిర్. నేను ఇంకో చేప ముక్క అడిగాను.

నాలుగుసార్లు తిరిగాక పన్ను నిలబడింది. తొడుగు వేసి, గట్టివేవీ దాంతో కొరకొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఏడాదంతా ఆ మాట విన్నాను.

మళ్ళీ నికోలా స్వామి పండగొచ్చింది. పదకొండు మందిమీ వెళ్ళాం. వెలిమిర్ తల వంచుకుని పళ్ళెం పట్టాడు. గోధుమల మీద అలంకరించిన వెండిరంగు గట్టి చక్కెర పూస ఒకటి ఏరి, సరిగ్గా ఆ పంటి కింద పెట్టుకుని, అతను తలెత్తేదాకా ఆగి, పటుక్కున కొరికాను.