నాలుగింటి చీకటి

నా భార్య ఆదివారం సాయంత్రం నాలుగింటికి రేడియోలో మాట్లాడేది. అది మా ఊరి చిన్న స్టేషను. ఇనప సామాన్ల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంటుంది. లిఫ్టు లేదు. చప్పుడు బయటికి పోకుండా గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించారు. తన కార్యక్రమం పేరు 'నాలుగింటి చీకటి'. ప్రోగ్రెసివ్ రాక్ అనే విదేశీ సంగీతం వాయించే బ్యాండ్ల రికార్డులు వేసేది. వాటిలోనూ భయపెట్టేవి, మనిషిని కుదురుగా కూర్చోనివ్వనివి ఏరి మరీ వేసేది. వారమంతా రంగుల కంపెనీలో జమాఖర్చులు రాసే మనిషి, ఆదివారం మధ్యాహ్నం చెప్పులు వేసుకుంటూ, "వెళ్ళి ఊరిని కాస్త వణికించి వస్తా" అనేది.

నేను ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. ఆ గంట రేడియో పక్కన పెట్టుకుని పేపర్లు దిద్దుకునేవాణ్ణి. తను మాట్లాడేటప్పుడు పెంచేవాణ్ణి, పాట రాగానే తగ్గించేవాణ్ణి. అది తనకు తెలుసు. "మా ఆయన నాకు అభిమాని, నా పాటలకి కాదు" అని అందరి దగ్గరా నవ్వేది.

తను పోయి నాలుగు నెలలయింది.

పోయిన నెల చివర్లో స్టేషను మేనేజరు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ఇన్నాళ్ళూ పాత రికార్డింగులు తిప్పి తిప్పి నెట్టుకొచ్చాం. అవీ అయిపోయాయి. విటమిన్ మాత్రలు అమ్మే ఒకాయన ఆ టైము అడుగుతున్నాడు. ఆరోగ్య సలహాలు చెప్తాడట."

"ఎవరికి?"

"ఫోన్ చేసినవాళ్ళకి. అసలు గొడవంతా అదే కదండీ. అమ్మగారి ప్రోగ్రాంకి ఫోన్లు వచ్చేవి కాదు. వస్తే గిస్తే ఆ పళ్ళ డాక్టరుగారు ఒక్కరే. ఏమీ అనుకోకండి. వచ్చే ఆదివారం వీడ్కోలులాగా పెడదాం. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి, చాలు."

మాటలు చెప్పడానికి నాకు అభ్యంతరం లేదు. వీడ్కోలు చెప్పడానికి ఉంది. తను ఆ గంటను ఎవరూ అడగకుండానే మొదలుపెట్టింది, జీతం లేకుండా నడిపింది. అది మాత్రల పాలు కాకూడదనుకున్నాను.

"గంటసేపూ నేనే చేస్తాను," అన్నాను. "జనం ఫోన్లు చేస్తే ఆ గంట ఉంచుతారా?"

"ఆ పాటలు మీకు తెలుసా మాస్టారూ?"

"తెలీదు. వారం టైముంది కదా."

"పరీక్ష రేపనగా పుస్తకం కొన్నట్టుంది."

"అలాంటివాళ్ళని చాలామందిని గట్టెక్కించాను."

ఆయన నవ్వాడు, ఒప్పుకున్నాడు. కాదనడానికి మొహమాటపడ్డాడని నాకు తెలుసు. అయినా సరే అనుకున్నాను.

మర్నాడు బడి నుంచి వచ్చి తన రికార్డుల అర ముందు నిలబడ్డాను. ఎక్కడ మొదలుపెట్టాలో అంతుబట్టలేదు. అక్షర క్రమం కాదు. వచ్చిన ఏళ్ళ క్రమం కూడా కాదు. అప్పుడే మా మరదలు కూర గిన్నె పట్టుకుని వచ్చింది. తను కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. అక్క పోయినప్పటి నుంచి దారిలో దిగి నేను తిన్నానో లేదో చూసి పోతుంది.

"ఏం బావా, దయ్యాల కొంప తెరిచావు?"

"వీటిని మీ అక్క ఏ వరసలో పెట్టింది?"

"భయం వరస. ఎడం పక్క పసిపిల్లలకి. కుడి చివరకొచ్చేసరికి దయ్యాలు కూడా దుప్పటి ముసుగేసుకుంటాయి. పెళ్ళికాక ముందు మా గదిలోనూ ఇదే వరస. నేను ఆ చివర వైపు మంచం కూడా వేసుకునేదాన్ని కాదు."

"నువ్వు ఎందాకా విన్నావు?"

"విన్నానా? వినిపించింది! నాకు ఆ గోల పడదు బాబూ. గిన్నె కడిగి పెట్టు, రేపు పట్టుకెళ్తా."

వరస తెలిశాక భయం లేదు. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా వాచకాలు పేర్చినట్టే. ఎడం చివరి రికార్డు తీసి ప్లేయరు మీద పెట్టాను.

మొదట ఒక వేణువు, దాని వెనక గిటారు. బాగానే ఉంది, ఇందులో ఏముంది అనుకున్నాను. అంతలో డ్రమ్ములు అందుకున్నాయి, నా కాలు తాళం వేయబోయి తప్పింది. మళ్ళీ వేశాను, మళ్ళీ తప్పింది. లెక్కపెట్టాను. ఏడు. ఎనిమిదో దెబ్బ ఉండాల్సిన చోట ఏమీ లేదు. మెట్లు దిగుతూ, అయిపోయాయని తెలియక లేని మెట్టు మీద కాలు వేస్తాం చూడండి, అలా ఉంది. ఒక్కసారైతే తూలడం. ప్రతి వరుసలోనూ అలాగే జరిగితే ఆ తూలడమే నడక అయిపోతుంది. ముల్లు వెనక్కి పెట్టి మళ్ళీ విన్నాను. లెక్కల మనిషిని ఇన్నేళ్ళు ఈ గది బయట కూర్చోబెట్టింది ఎవరా అనుకున్నాను.

ఆ వారం బడి వదలగానే తిన్నగా ఇంటికొచ్చేవాణ్ణి. అర మధ్యకు వచ్చేసరికి పాటలు పొడుగయ్యాయి, రికార్డుకి ఒక వైపంతా ఒకే పాట. ఒక బ్యాండులో టేపుల మీద నడిచే కీబోర్డు ఉంది. అది వయొలిన్లలా మోగుతుంది కాని వయొలిన్లు కాదు. ఎవరో ఎప్పుడో విన్న వయొలిన్లను గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఉంటుంది. ఇంకో బ్యాండు వాళ్ళు తమకు తామే ఒక భాష కల్పించుకుని అందులోనే పాడారు. ఒక్క ముక్క అర్థం కాదు, కాని పదిమంది గుంపుగా గడప దాకా వచ్చి ఆగినట్టు మాత్రం తెలుస్తుంది. ఆ పాట అవుతుండగా పక్కింటావిడ కాలింగ్ బెల్ కొట్టింది. నేను ఎగిరిపడ్డాను. "ఒంట్లో బాగుందా మాస్టారూ?" అంది. చాలా బాగుందన్నాను. ఆవిడ నమ్మలేదు.

శుక్రవారం కుడి చివరకు చేరాను. ఆఖరి రికార్డు. పాడేవాళ్ళు లేరు. బసూన్ అని, మనిషి ఎత్తున ఉండే చెక్క గొట్టం ఒకటి ఉంటుంది. అది, హార్మోనియం, ఒక వయొలిన్, డ్రమ్ములు. బసూన్ చాలా కింది నుంచి, చాలా నెమ్మదిగా లేచింది. బరువైన బీరువాను ఒక్కడే జరుపుతున్నట్టు. హార్మోనియం ఊపిరి తీసుకోవడం వినిపించింది. పాట ఎక్కడికీ తొందరపడలేదు. అది ఉన్నంతసేపూ నేను కదల్లేదు.

ఈ నాలుగు నెలల్లో అందరూ నాకు ధైర్యం చెప్పారు. మనసుకు ప్రశాంతంగా ఉంటుందని మెత్తటి పాటలు పంపారు. వాళ్ళ మంచితనానికి నేను రుణపడి ఉంటాను. కాని ఆ పాటలన్నీ నన్ను లేవమన్నాయి. ఈ పాట లేవమనలేదు. వచ్చి పక్కన కూర్చుంది. ఆదివారం వేయాల్సింది ఇదేనని నిశ్చయించుకున్నాను.

ఆదివారం స్టేషనుకి వెళ్ళాను. అక్కడ సౌండు చూసే కుర్రాణ్ణి అందరూ తాపీ అంటారు. తలుపు తీయడానికి కూడా ఆలోచించుకుని తీస్తాడు. మేనేజరు వాకిట్లో నిలబడి, "నాలుగు ముక్కలు చెప్పి పాట వేసేయండి మాస్టారూ, ఎక్కువ బాధపడకండి" అన్నాడు. బాధపడను, పాఠం చెబుతానన్నాను.

ఎర్ర దీపం వెలిగింది. నా పేరు చెప్పలేదు. ఈ కార్యక్రమం నడిపిన ఆవిడ భర్తనని చెప్పాను. వారం కిందటి దాకా ఈ సంగీతం నాకు తెలియదని, తెలియనివాళ్ళకు తెలియనివాడు చెప్తే కొంత సుఖమని చెప్పాను. మొదటి రికార్డు వేసే ముందు బల్ల మీద వేళ్ళతో ఏడు కొట్టి చూపించాను. "ఎనిమిదోదాని కోసం చూడకండి. రాదు. రాదని తెలిశాక ఎలా ఉందో చూసుకోండి." పాట అయ్యాక నంబరు చెప్పాను. ఫోన్ మోగలేదు. మధ్య రికార్డు వేశాను, నంబరు చెప్పాను. మోగలేదు. అద్దానికి అవతల మేనేజరు వాచీ చూసుకున్నాడు.

అప్పుడు ఆఖరిది తీశాను. "ఇది వింటున్నప్పుడు పని ఏదీ పెట్టుకోకండి," అని ముల్లు పెట్టాను. బసూన్ కింది నుంచి లేచింది. తాపీ నోరు కొంచెం తెరుచుకుంది. పాట చివరిదాకా వెళ్ళి ఆగింది. చివరిసారి నంబరు చెప్పాను. చెబుతుండగానే ఫోన్ మోగింది. తాపీ మీట నొక్కాడు.

"హలో, స్టేషనేనా? ఎవరండీ ఆ రికార్డు వేసింది?"

ఆ గొంతు నాకు తెలుసు. "నేనే," అన్నాను.

"బావా! అది నలభై అయిదు స్పీడు మీద తిప్పాలి బావా! నువ్వు ముప్పై మూడు మీద వేశావు. ఆ గొట్టం ఊదే ఆయన ప్రాణం పోతున్నట్టు మూలుగుతున్నాడు, పాపం!"

"నువ్వు వింటున్నావా?"

"నువ్వెక్కడ తడబడతావోనని పెట్టాన్లే. అది కాదు, నేనూ అక్కా పదేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం. ఇష్టం లేకపోయినా కంఠతా వచ్చి చచ్చింది. అది ఇలా వెళ్తుంది చూడు." మా మరదలు పాడింది. టటట్ట, టటట్ట, టా అని, గుక్క తిప్పుకోకుండా, వేలితో దేన్నో కొడుతూ. ఉన్నట్టుండి ఆపింది. "బావా, ఇదంతా రేడియోలో వస్తోందా?"

"వస్తోంది."

"అమ్మో! ముందే చెప్పొద్దూ!" ఫోన్ పెట్టేసింది.

తాపీ నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగాడు. నేను రికార్డు మధ్య గుండ్రటి కాగితం చూశాను. చిన్న అక్షరాలతో నలభై అయిదు అనే ఉంది. మిగతావన్నీ ముప్పై మూడు కాబట్టి నేను చూడలేదు. శుక్రవారం నా పక్కన వచ్చి కూర్చున్నది ఆ బ్యాండు పాట కాదు. నా పొరపాటు.

రేడియోలో మౌనం ఎక్కువసేపు ఉండకూడదు. మైకు దగ్గరికి జరిగాను.

"విన్నారు కదా. నేను తప్పు వేగంలో వేశాను. బోర్డు మీద లెక్క తప్పు చేసినప్పుడు నేను దాన్ని తుడిచేయను. పక్కనే సరైనది వేస్తాను. పిల్లలు రెండూ చూడాలి. ఇప్పుడు సరైనది."

మీట మార్చి ముల్లు పెట్టాను.

అది వేరే పాట. బసూన్ పాకడం లేదు, పరుగెత్తుతోంది. వయొలిన్ దాని మడమల మీద తొక్కుతూ వెంటపడుతోంది. ఇప్పుడూ చీకటే, కాని ఈ చీకటిలో ఎవరో దారి బాగా తెలిసి నడుస్తున్నారు, కొంచెం వెక్కిరిస్తున్నారు కూడా. రెండో వరస వచ్చేసరికి నాకు అర్థమైంది. ఈ వరస నాకు తెలుసు. శనివారాలు ఇస్త్రీ చేస్తూ తను కూనిరాగం తీసేది ఇదే. కాలరు దగ్గర ఆపి, నీళ్ళు చల్లి, మళ్ళీ అక్కడి నుంచే అందుకునేది. ఏదో సినిమా పాట అనుకునేవాణ్ణి.

నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. తాపీ చూడనట్టు అటు తిరిగాడు. మెల్లగా చేసినా మంచి పనే చేశాడు.

పాట అయ్యేలోపే ఫోన్ వెలుగుతోంది. మొదట పళ్ళ డాక్టరు. "నాకు మొదట్లోనే అనుమానం వచ్చిందండీ. మాస్టారు కావాలనే వేశారేమో, మనకెందుకని ఊరుకున్నా."

తర్వాత ఒక టాక్సీ డ్రైవరు. "ఇందాకటిదే బాగుందండీ. ఇది నా బండి ఇంజనులా ఉంది. అదైతే... బండి పక్కకి తీసి ఆపేశానండీ."

ఒక పెద్దావిడ. "ఆయనకేం తెలుసు బాబూ, రెండోదే అసలుది. మొదటిది వింటే మా పిల్లి మంచం కింద దూరింది."

డ్రైవరు మళ్ళీ చేశాడు, పిల్లులకి సంగీతం తెలీదనడానికి. డాక్టరు మళ్ళీ చేశాడు, డ్రైవరును సమర్థిస్తూ. కొత్తవాళ్ళెవరో దేని వైపో చెప్పకుండా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని మాత్రం అడిగారు. అర నిండా ఉన్నాయన్నాను. ఎర్ర దీపం ఆరిపోయినా ఫోన్ ఆగలేదు.

మేనేజరు లోపలికి వచ్చి ఫోన్ వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు.

"సరే మాస్టారూ, మాట మాటే. మాత్రలాయనకి అరగంట, మీకు అరగంట."

"కుదరదు."

"అరగంట తక్కువా అండీ?"

"వీటిలో ఒక్కో పాటే ఇరవై నిమిషాలుంటుంది. ముందు ఏం వినాలో చెప్పాలి. తర్వాత జనం పోట్లాడుకోవడానికి టైమివ్వాలి. పాటని సగానికి కోస్తే అది పాట కాదు. గంట కావాలి."

"అమ్మగారు కూడా ఇంత పట్టు పట్టేవారు కాదండీ."

"ఆవిణ్ణి మీరు ఎప్పుడూ అరగంట అనలేదు కదా."

ఫోన్ మోగుతూనే ఉంది. తాపీ చెయ్యి చాచేలోపు మేనేజరే ఎత్తాడు. "ఆఁ, స్టేషనేనండీ... ఉన్నారు... వచ్చే ఆదివారమా?" నా వైపు చూశాడు. నేను రికార్డును అట్టలో పెడుతున్నాను, తల ఎత్తలేదు. "ఉందండీ. నాలుగింటికే. గంట."

పెట్టేసి, "విన్నారుగా, గంటన్నాను. మాత్రలాయనతో తిట్లు నేను తింటాలెండి," అన్నాడు.

కిందికి దిగి, ఇనప దుకాణం ముందు నిలబడి మా మరదలికి ఫోన్ చేశాను. తీయలేదు. ఇంకా సిగ్గుపడుతున్నట్టుంది. మిగతా పాట కూడా తనకు వచ్చో రాదో అడగాలి.

మళ్ళీ చేశాను.