చదవని నాలుగో పేరా

ఉక్కులో కలిపే లోహాలు తయారుచేసే ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో గణపతిరావుది ఇరవై రెండేళ్ల సర్వీసు. ఒకప్పుడు మూడు కరెంటు ఫర్నేసులు మండేవి. కరెంటు రేటు పెరిగాక రెండు ఆరిపోయాయి. మూడోదీ ఆరితే నూట నలభై మంది ఇళ్లకు పోవాల్సిందే. యూనియన్ కార్యదర్శి గనక, వాళ్లందరి తరఫునా మాట్లాడే బాధ్యత అతని మీద పడింది.

బొగ్గు కరెంటు మీద కార్బన్ సుంకం వెయ్యాలా వద్దా అని శాసనసభ కమిటీ ఆ రోజు విజయనగరంలో జనం మాట వింటోంది. సుంకం పడితే కరెంటు రేటు ఇంకా పెరుగుతుంది కాబట్టి వద్దంటూ అతను చదవాల్సిన కాగితాన్ని మేనేజరు మోహనకృష్ణ ముందే టైపు చేయించి ఇచ్చాడు. ఉన్నది ఉన్నట్టు చదివితే చాలన్నాడు.

హాలు గుమ్మంలో గణపతిరావుకి చెల్లెలు గున్నమ్మ కనబడింది. శ్రీకాకుళం వైపు, థర్మల్ ప్లాంటు తన బొగ్గు బూడిదను వదిలే చెరువు పక్క ఊరికి కోడలామె. సుంకం వేసి తీరాలని చెప్పడానికి ఊరివాళ్లతో ఆమదాలవలసలో రైలెక్కి వచ్చింది.

అతను ఆమెను పక్కకు తీసుకెళ్లి, ఈ ఒక్కసారికి నోరు విప్పొద్దని బతిమాలాడు. ఫ్యాక్టరీ మూతపడితే తన కూతురు అరుణశ్రీ నర్సింగు చదువు సగంలో ఆగిపోతుందన్నాడు. గున్నమ్మ అంతా విన్నది.

"అన్నియ్యా, నీ ఫ్యాక్టరీ మూసీమని నానడగనేదు. మా బూడిద ఎవులు ఎత్తుతారో సెప్పమంతన్నాను."

"అది నన్నడిగితే నానేటి సెప్పగలను?"

"నిన్ను కాదు. ఆల్నే అడుగుతాను," అని లోపలికి వెళ్లిపోయింది.

లోపల ఇద్దరు ఎమ్మెల్యేలు అప్పటికే గొంతులు చించుకుంటున్నారు. సుంకం పేదవాడి బిల్లు మీదే పడుతుందని ఒకరు, ఆ సొమ్ము బూడిద ఊళ్లకు ఖర్చు పెట్టొచ్చని మరొకరు. చివరికి ఛార్జీలు ఎవరి హయాంలో పెరిగాయన్న దగ్గరికి వచ్చింది గొడవ. ఛైర్మన్ బల్ల చరిచాడు.

ముందు గున్నమ్మను పిలిచారు. గాలి లేస్తే వరి వెన్నుల మీద పడే తెల్లటి పొర గురించి, రెండేళ్లుగా దగ్గుతో మంచం దిగని భర్త జగన్నాధం గురించి చెప్పింది. వెనక నుంచి ఎవరో కూర్చోమని కసిరారు. తిరిగి చూడకుండానే గణపతిరావుకి తెలిసింది, ఆ గొంతు తన ఫర్నేసు మనిషిదే.

తర్వాత అతని పేరు పిలిచారు. మూడు పేరాలు గడగడా చదివాడు. నాలుగోది మొదలుపెట్టబోయి ఆగాడు. బొగ్గు ప్లాంట్ల వల్ల చుట్టుపక్కల పల్లెలకు ఏ హానీ లేదని కార్మికులు చెబుతున్నట్టుగా అందులో ఉంది. ముందు వరసలోంచి మోహనకృష్ణ, చదవమని వేలితో సైగ చేశాడు.

గణపతిరావు కాగితం మడిచేశాడు.

"దీన్లో ఒక ముక్కుంది, అది నాను సదవను. మా కొలువులు నిలబెట్టండి, కరెంటు రేటు తగ్గించండి. కానీ బూడిద నేదని మాత్రం నాను సెప్పనేను. ఆ బూడిద మింగినోడు మా బావ."

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మోహనకృష్ణ లేచి బయటికి నడిచాడు.

వారం తిరక్కుండా యూనియన్ సమావేశం పెట్టి అతన్ని కార్యదర్శి పదవి నుంచి తప్పించారు. మేనేజరు అతన్ని ఫర్నేసు నుంచి తీసేసి, లోహం కరిగాక మిగిలి గడ్డకట్టే చిట్టెం యార్డులో పగలగొట్టే పనికి మార్చాడు. కమిటీ మరింత అధ్యయనం కావాలని రాసి సుంకం మాట వాయిదా వేసింది. మూడో ఫర్నేసు మండుతూనే ఉంది, ఎన్నాళ్లో ఎవరికీ తెలియదు.

వారపు సెలవు రోజున గణపతిరావు చెల్లెలి ఊరు వెళ్లాడు. బావను ఆటోలో జాగ్రత్తగా కూర్చోబెట్టుకుని, ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించడానికి శ్రీకాకుళం తీసుకెళ్లాడు.